బావగారి చీటీ

మే నెల వచ్చిందంటే నజీరాకి ప్రాణం విసిగిపోతుంది. యుద్ధం గెలిచిన విజయదినం దగ్గరపడేకొద్దీ తను పనిచేసే జిల్లా గ్రంథాలయానికి జనం తండోపతండాలుగా వస్తారు. పుస్తకాల కోసమా? అబ్బే, పుస్తకం ముఖం చూసేదెవరు! అందరిదీ ఒకటే మాట: "మావాడు ఎక్కడ పోయాడో ఆ పెట్టెలో చూసి చెప్పు తల్లీ." పెట్టె అంటే కిటికీ పక్కనున్న ముసలి కంప్యూటరు. రెండో ప్రపంచయుద్ధంలో పోయిన సైనికుల చీటీలన్నీ ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో పెట్టారు. లక్షల చీటీలు. గడిలో సరైన మాట కొడితే క్షణంలో దొరుకుతాడు, లేకపోతే గడ్డివాములో సూదే.

పదకొండేళ్ళుగా ఇదే పని. కళ్ళు మండుతున్నాయి, మెడ పట్టేసింది. చల్లారిన టీ ముందు పెట్టుకుని కూర్చున్న వేళ ఉల్జాన్ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఇది మూడో ఏడు.

"మళ్ళీ వచ్చావా అవ్వా?"

"రాక ఏం చేయమంటావే? చావలేదుగా ఇంకా." అవ్వ కుర్చీలో కూలబడి ఆయాసం తీర్చుకుంది. "వచ్చే మే నెలకి మాత్రం రానులే. గుండె అయిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పేదేమిటి, నాకు తెలియదూ!"

అవ్వ గోడు నజీరాకి కంఠతా వచ్చు. అత్తగారు పోతూ పోతూ కోడలి చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది: నా పెద్దకొడుకు ఏ మట్టిలో ఉన్నాడో కనుక్కో, వాడి పేరున ఖురాన్ చదివించు. పెద్దకొడుకంటే అవ్వకి బావగారు, మిర్జా. అది జరిగి యాభై నాలుగేళ్ళు. చదివించడమైతే ఏటా మిర్జా పేరున చదివిస్తూనే ఉంది. మట్టి జాడే దొరకలేదు.

నజీరా విసుగ్గా కొట్టింది. మిర్జా, ఇంటిపేరు, ఊరు, పుట్టిన ఏడు, గుర్రపుదళం. శూన్యం. అన్నీ ఒకేసారి కొట్టడం కొత్తవాళ్ళు చేసే తప్పని తెలుసు. ఆ మాటలన్నీ ఉన్న చీటీనే పెట్టె చూపిస్తుంది. తూటాలు పడుతుంటే రాసుకున్న గుమాస్తా అన్నీ ఎక్కడ రాస్తాడు పాపం! అందుకని ఒక్కో మాటే తీసేస్తూ పోయింది. గుర్రపుదళం తీసింది. శూన్యం. ఆ రోజుల్లో అన్నకో ఇంటిపేరు, తమ్ముడికో ఇంటిపేరు రాసేవాళ్ళు కదా అని ఇంటిపేరూ తీసింది. శూన్యం. ఊరికి అప్పటి పేరు ఆక్-జార్ అని కొట్టింది. అదీ అంతే. చివరికి మిర్జానే తీసేసింది. ఊరూ ఏడూ మిగిలాయి. ఆ పేరున్న ఊళ్ళన్నిటివీ కలిపి రెండు వందల పద్నాలుగు చీటీలు వచ్చాయి. అన్నీ తిప్పి చూసింది. ఒక్క మిర్జా లేడు.

ఇక మిగిలింది ఒకటే. చీటీ అడుగున దగ్గరి బంధువు అని ఒక గీత ఉంటుంది. పెళ్ళికానివాడైతే అక్కడ తల్లి పేరు రాస్తారు.

"మీ అత్తగారి పేరేంటవ్వా?"

అవ్వ తెల్ల తలగుడ్డ సర్దుకుంది. "అత్తగారే."

"పేరు అడుగుతున్నా."

"అత్తగారి పేరు కోడలి నోట పలుకుతుందా? మీ అమ్మ నీకేం నేర్పిందే?"

నజీరా చెయ్యి ఆగిపోయింది. తను మాత్రం ఇరవయ్యారేళ్ళలో మామగారి పేరు ఒక్కసారైనా పలికిందా? బావగారిని నేటికీ మాస్టారనే కదా అంటుంది!

"అవ్వా... మిర్జా అనేది మీ బావగారి అసలు పేరేనా?"

"అసలు పేరు నేనెలా చెప్తాను? అది నేను పెట్టుకున్న పేరు. కోడళ్ళందరం పెట్టుకునేదేగా."

"మూడేళ్ళవ్వా! మూడేళ్ళు లేనివాణ్ణి వెతికించావు నా చేత!"

"ఆ పెట్టెకి అన్నీ తెలుసంటివిగా!"

నజీరాకి ఒళ్ళు మండింది. ఆ మంట అవ్వ మీద కాదు, తన మీదే. కోడలై ఉండి ఈ ముక్క అడగాలని తట్టలేదే! కాసేపటికి గొంతు తగ్గించింది. "ఆ ఇంట పుట్టినవాళ్ళెవరైనా ఉన్నారా? వాళ్ళైతే పలకచ్చుగా."

"అందరూ పోయారు. నా పిల్లలకి ఆయన మిర్జా పెదనాన్నే. నా నోట విన్నదేగా వాళ్ళకి తెలిసేది."

"అంటే ఆ పేర్లు నీ ఒక్కదాని దగ్గరే ఉన్నాయి. నువ్వు పోతే నీతోపాటే మట్టిలోకి."

అవ్వ కర్ర మీద గడ్డం ఆనించింది. "ఆయన్ని నేను చూడను కూడా లేదే. నేను కాపురానికొచ్చేసరికి ఆయన పోయి పదిహేనేళ్ళు. అయినా పలకలేదు."

"పలకద్దులే. అత్తగారి పేరు నువ్వే కొట్టు. నేను చూడను."

నజీరా లేచి కిటికీ వైపు తిరిగి నిలబడింది. వెనక ఒక్కో అక్షరం, ఒంటివేలితో, ఎంతసేపటికో ఒకటి. తొమ్మిది పదులకి దగ్గరైన వేలు దారి వెతుక్కుంటోంది. తర్వాత ఇంకేం వినపడలేదు.

తిరిగి చూస్తే తెర మీద ఒక్కటే చీటీ. నజీరా పైకి చదివింది: "ఇసబెక్. పుట్టింది పందొమ్మిది వందల ఇరవై, ఆక్-జార్. నలభై మూడు ఫిబ్రవరిలో గాయాలతో మరణం. జారెచ్యె ఊరి చివర, ఆపిల్ తోట పక్కన ఖననం. తల్లి కుండుజ్." ఆగింది. "ఇతనేనా అవ్వా?"

అవ్వ తలూపింది. చెంపలు తడిసిపోయాయి.

"యాభై నాలుగేళ్ళు మిర్జాకి చేరాలని చదివించాను. మిర్జా అనేవాడు లేడు. ఎవరికి చేరిందే అదంతా?"

"నీ మనసులో ఉన్నది ఆయనేగా అవ్వా," అంది నజీరా. ఆ మాట తనకే చాలనిపించలేదు.

అవ్వ ముల్లా కోసం ఆగలేదు. అక్కడే, కుర్చీలోనే, రెండు అరచేతులూ దోసిలి పట్టి ఖురాన్‌లోని చిన్న సూరా ఒకటి చదివింది. తమ వంతు కోసం వరసలో ఉన్నవాళ్ళు మాటలు ఆపేశారు. చదవడం అయింది. ఇక ఎవరికి చేరాలో చెప్పాలి. అవ్వ పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"ఇసబెక్‌కి. కుండుజ్ కొడుకు ఇసబెక్‌కి చేరుగాక." చేతులతో ముఖం తుడుచుకుంది. "అత్తయ్యా, తప్పు కాయి."

"ఆమీన్," అన్నారు అందరూ. నజీరా కూడా అంది.

అవ్వ కర్ర అందుకుని లేచింది. "ఆ రెండు పేర్లూ పెద్ద అక్షరాలతో రాసివ్వవే. ఇంటికెళ్ళి పిల్లలకి చెప్పాలి."