కొండ మీద జెండా దిగింది

సభ జరిగే రోజు వస్తే మా తమ్ముడు స్పురియస్‌ని మంచం కోడుకి కట్టేసేదాన్ని. వాడికి మూర్ఛ. మైదానంలో ఓట్లు అడుగుతుండగా ఎవరైనా మూర్ఛొచ్చి పడిపోతే, దేవుళ్లకి ఇష్టం లేదని సభ రద్దు చేస్తారు. అందుకే రోమ్‌లో ఆ రోగాన్ని సభ జబ్బు అంటారు. వీడి వల్ల పెద్దల పని చెడితే మమ్మల్ని బతకనిస్తారా అని నా భయం.

ఆ రోజు మాత్రం కట్టలేదు.

సముద్రం అవతలి రాజు మీద యుద్ధానికి వెళ్లాలా వద్దా అని రెండోసారి అడుగుతున్నారు. మొదటిసారి జనం వద్దన్నారు. కిందటి యుద్ధంలో మా ఆయన పోయాడు. ఊరి బయట బాట పక్కన సమాధుల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ నేను చదవడం నేర్చుకున్నాను గానీ, ఏ రాయి మీదా ఆయన పేరు కనబడలేదు. ఇక నాకున్నది కొడుకు విబియస్ ఒక్కడే. మాకు చిన్న పొలం చెక్క ఉంది. ఆస్తిని బట్టి జనాన్ని విడదీసిన తరగతుల్లో, అది ఉన్నందుకే మాది అయిదోది, ఆఖరిది. అది ఉన్నందుకే నా కొడుకు వడిసెల పట్టుకుని సైన్యంలోకి పోవాలి. ఏమీ లేనివాణ్ణి ఎవరూ పిలవరు.

"ఆకలేస్తోందక్కా," అన్నాడు స్పురియస్ పొద్దున్నే.

"తెలుసురా. ఖాళీ కడుపుతో ఎండలో నిలబడితే నీకు వస్తుందిగా. ఇవాళ రావాలి."

విబియస్ నవ్వాడు. "మేం నిలబడేది అందరికన్నా వెనకమ్మా. అక్కడ మామ పడితే ఎవడు చూస్తాడు?"

"నువ్వు కేకలెయ్యి. గొంతెందుకు ఇచ్చాడు దేవుడు?"

"ముందుకెళ్లి పడతాలేరా," అన్నాడు స్పురియస్ చెప్పుల తాడు కట్టుకుంటూ. "ఇన్నాళ్లూ వద్దంటే వచ్చింది. రమ్మంటే రాదా?"

వాళ్లిద్దరూ బయల్దేరడం చూసి కింద నూనె అమ్మే ఆకియా, "ఏమ్మోయ్, ఇవాళ కట్టు విప్పేశావే! దేవుళ్లకి ముందే చెప్పావా?" అంది.

ఆడవాళ్లకి అక్కడ పని లేదు. నేను గుమ్మంలో కూర్చుని ఉన్ని వడుకుతున్నాను. నది అవతల కొండ మీద ఎర్ర జెండా ఎగురుతోంది. అది ఎగిరినంతసేపూ సభ జరుగుతున్నట్టు. కిందటిసారి సాయంత్రం దాకా ఎగిరింది. ముందు అడిగేది డబ్బున్నవాళ్లనే. వాళ్లలో వాళ్లకి పడక, అడుగుతూ అడుగుతూ మా తరగతి దాకా వచ్చారు.

ఈసారి ఎండ ఇంకా ముదరలేదు. జెండా దిగిపోయింది.

కదురు పక్కన పడేశాను. "పడ్డాడు! ఆకియా, జెండా చూడవే! అందర్నీ అడగాలంటే సాయంత్రమవుతుంది. ఇంత తొందరగా దిగిందంటే సభ చెడిపోయినట్టే!"

"అమ్మో నీ తమ్ముడు! యుద్ధాన్నే పడగొట్టాడు కదే!" అని ఆకియా పైకొచ్చి గుప్పెడు ఆలివ్ కాయలు నా ఒళ్లో పోసింది.

గోధుమ జావ కాచి, దాచిన జున్ను ముక్క కలిపాను. కాస్తూ మెట్ల వంకే చూస్తున్నాను. రాళ్ల మీద పడ్డాడేమో, తల పగిలిందేమో. పొద్దున పడాలని మొక్కినదాన్ని, ఇప్పుడు దెబ్బ తగలకూడదని మొక్కుకున్నాను.

వాళ్లిద్దరూ నడిచే వచ్చారు. నేను ముందు తమ్ముడి బట్టలు చూశాను. ఎక్కడా దుమ్ము లేదు.

"రాలేదక్కా," అన్నాడు వాడు తప్పు చేసినట్టు. "ముందుకే వెళ్లాను. సూర్యుడి వంక చూస్తూనే నిలబడ్డాను. రాలేదు."

"మరి జెండా ఎందుకు దించార్రా?"

విబియస్ గోడకి చేరబడ్డాడు. "గుర్రాలున్నవాళ్లని అడిగారు, సరే అన్నారు. మొదటి తరగతి సరే అంది. రెండో తరగతిలో కొందరు సరే అనేసరికి ఓట్లు సగం దాటిపోయాయి, ఎక్కువ ఓట్లు డబ్బున్నవాళ్లవేగా. ఇక మిగతావాళ్లని అడగడం దేనికని ఇంటికి పొమ్మన్నారు."

"మిమ్మల్ని అడగనే లేదా?"

"నోరు తెరవనే లేదమ్మా."

"మొన్న వద్దన్నవాళ్లేగా వాళ్లు!"

"మొన్న తగువు పడ్డారు. ఈలోపు ఒకళ్లింట్లో ఒకళ్లు భోంచేశారు. మనకి అండగా ఉంటాడని రోజూ వెళ్లి దణ్ణం పెట్టొచ్చే పెద్దాయన కూడా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి చెయ్యూపాడు."

ఆకియా మెట్లు దిగి వెళ్లిపోయింది.

జావ వడ్డించాను. స్పురియస్ రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్కకి గిన్నె నోటి దాకా వెళ్లి ఆగింది. చేతిలోంచి జారి దొర్లింది. వాడు పక్కకి ఒరిగి నేల మీద కొట్టుకోసాగాడు.

నాకన్నా ముందు విబియస్ లేచాడు. తన పై గుడ్డ తీసి మామ తల కింద పెట్టాడు.

"ఇలా పక్కకి తిప్పాలమ్మా, లేకపోతే ఊపిరాడదు. భుజాలు నువ్వు పట్టుకో. నేను వదిలేస్తాను. రేపు నేను లేనప్పుడు ఒక్కదానివే పట్టగలవేమో చూడనీ."

వాడు చేతులు తీసేశాడు. నేను పట్టుకున్నాను. తమ్ముడి భుజాలు నా చేతుల్లోంచి జారిపోతూనే ఉన్నాయి.

"గట్టిగా, అమ్మా," అన్నాడు నా కొడుకు. "ఇంకా గట్టిగా."