ఎర్రమన్ను పూసిన దుంపలు

ధాత నామ సంవత్సరపు కరువులో మొగుడు పోయాక ఓబులమ్మకు మిగిలింది ఉదయగిరి కొండకింద ఒక ఆకాకర మడి. ఆ కాయలు అమ్ముకుని గంజి కాచుకునేది. వానలు పడ్డ ఏడు ఆత్మకూరు నుంచి మరిది కొండలయ్య వచ్చి, కాయలున్న తీగలకల్లా గుర్తుగా గుడ్డపీలికలు కట్టి వెళ్లాడు. చలికి తీగలు ఎండగానే మళ్లీ వచ్చి ఆ తీగల దుంపలన్నీ తవ్వుకున్నాడు.

"అన్న నాటినవి నావే గదా. ఆ గొడ్డుతీగలు నీకు చాల్లే వదినా!"

అవి గొడ్డువి కావని, మగవైన పోతుతీగలని ఓబులమ్మకు తెలుసు. ఆ ఏడంతా వాళ్లింటా వీళ్లింటా వడ్లు దంచి బతికింది.

ఆత్మకూరులో ఒక ఆసామి కొండలయ్యకు బావికింది తోట ఇచ్చాడు. రెండేళ్లలో కాపు చూపకపోతే వదిలిపోవాలన్నాడు. ఆ దుంపలు నాటిన మొదటి ఏడు ప్రతి పువ్వుకిందా గోలీకాయంత పిందె కనబడింది. నాలుగు రోజులకే పండుబారి రాలింది. చలికాలంలో కొండలయ్య వదిన గడప తొక్కాడు.

"పోతుతీగ లేందే పిందె నిలవదంట గదా వదినా? అయిదు దుంపలియ్యి. ఈసారీ కాయకుంటే నన్ను గెంటేస్తాడు."

"గొడ్డువన్నావే?"

"ఏందో, నోరు జారినాను."

"ఆడదుంపలు పది తెచ్చియ్యి. అయిదు పట్టుకుపో."

దుంపను చూసి ఆడో పోతో చెప్పడం ఎవరి తరమూ కాదు. పూస్తేనే తెలిసేది. వారానికి అతను పది తెచ్చాడు. ఓబులమ్మ వాటిని పెరట్లోకి తీసుకెళ్లి, అయిదింటిని దాచింది. మిగతా అయిదింటికున్న తోటమన్ను కడిగి, తన దొడ్డి ఎర్రమన్ను పులిమి తెచ్చి అతని గంపలో పోసింది.

"ఎంత మంచి దుంపలు ఏరినావు! నీది చల్లని మనసు వదినా."

"జాగ్రత్తగా నాటుకో నాయనా," అందామె.

వానాకాలం వచ్చింది. కొండలయ్య తోటలో పిందెలు మళ్లీ రాలాయి. ఆసామి తోట లాక్కున్నాడు. ఓబులమ్మ మడిలో అయిదు తీగలూ విరగకాశాయి. కావాలనే ఉదయగిరి సంత వదిలి, బండెక్కి ఆత్మకూరు సంతకు వెళ్లి గంప దించింది.

కొండలయ్య గంపను చూసి ఆగిపోయాడు.

"నాకేం దుంపలిచ్చినావు?"

"నువ్వు తెచ్చినవే. మన్ను మాత్రం నాది."

"కొంప ముంచినావు గదే!"

"నా కూడు తవ్వుకుపోయిన నాడు నువ్వు ఆలోచించినావా? తోట లేనోడివి దుంపలేం చేసుకుంటావు? ఆసామి పారెయ్యకముందే ఉండేవన్నీ తవ్వి బండికేసి పంపు. ఈసారి ఎంచి పంపు, కుళ్లినవి నాకొద్దు."

ఓబులమ్మ అతని పక్కగా మెడ చాచి, వెనకున్న మనిషిని పిలిచింది. "రామ్మా, లేతకాయలుండాయి."