అసిరమ్మ ముట్టని మీట

రైల్వే లోకో షెడ్డు క్వార్టర్లలో అందరికంటే ముందు కంప్యూటరు కొన్నది గిరిబాబే. ఇంకేముంది, అప్పట్నుంచీ అతని కాళ్ళు నేలమీద ఆనలేదు. ఎవరేం అడిగినా "అదెంత పని" అనేవాడు.

పక్క క్వార్టరు అసిరమ్మ ఒకరోజు కొంగులో చుట్టి ఒక క్యాసెట్టు తెచ్చింది. ఆమె పురిటికి పుట్టింటికి వెళ్ళినప్పుడు, చదువురాని పెళ్ళానికి ఉత్తరం రాసి ఏం లాభమని, రైలు డ్రైవరైన ఆమె భర్త శంకరరావు తన మాటలు టేపు చేసి, ఊరెళ్తున్న గార్డు చేతికిచ్చి పంపాడు. ఆ రోజుల్లో ఈ క్వార్టర్లలో చాలామంది ఉత్తరాలు అలాగే నడిచేవి. ఇప్పుడు శంకరరావు లేడు. ఆయన గొంతు మిగిలింది ఆ క్యాసెట్టులోనే.

"సమచ్చరీకానికి పిల్లలొత్తారు. ఆల్లకి ఇనిపించాల బాబూ."

"అదెంత పని పిన్నీ."

టేపు కంప్యూటరులోకి ఎక్కుతూ ఎక్కుతూ ఉండగా, ఆఖర్న ప్లేయరు దాన్ని నమిలేసింది. పోతేపోయింది, మాటలు లోపలికొచ్చేశాయి కదా అనుకున్నాడు గిరిబాబు. ఆ పెద్ద ఫైలును ఎంపీత్రీగా మార్చే ప్రోగ్రాము నడిపాడు. పని పూర్తయిందని తెర చెప్పగానే, చోటు చాలదని అసలు ఫైలు చెరిపేశాడు. తీరా చూస్తే, పిన్ని పేరుతో పెట్టిన ఫోల్డరులో ఏమీ లేదు.

పొద్దున్నే అసిరమ్మ వచ్చింది. "ఏటి బాబూ, అయిందా?"

నిజం చెబితే పరువేం కాను? "టేపు ఖాళీ పిన్నీ. ఎప్పుడో నువ్వే ఆ ఎర్ర రికార్డు మీట నొక్కేసి ఉంటావు."

"అయితే నానే ఆయన్ని సెరిపేసేనన్నమాట," అని అసిరమ్మ గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె పొయ్యి వెలిగించలేదు. "నేను అన్నం పట్టుకెళ్ళినా ముట్టలేదండీ. 'నా సేతులు పడిపోనూ' అని ఒకటే ఏడుపు," అంది గిరిబాబు భార్య సౌభాగ్య. "ఇంతకీ, మీరు సరిగ్గానే చూశారా?"

గిరిబాబు కంచం పక్కకు నెట్టాడు. తన ముఖం తనకే చూపించుకోలేనంత సిగ్గేసింది. డ్యూటీకి సెలవు చెప్పి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏదో పాట పెట్టి మార్చి చూస్తే అదీ కనబడలేదు. అంటే ఇంకెక్కడికో పోతోంది! ఒక్కో ఫోల్డరే తెరుచుకుంటూ పోతే, కొడుకు ఆటల ఫోల్డరులో ఆ పాట దొరికింది. పక్కనే శంకరరావు మాటలు. కిందటిసారి కొడుక్కి పాటలు చేసిచ్చినప్పుడు దాచమని ప్రోగ్రాముకు చూపించిన చోటది. ఈసారి కొత్త చోటు చూపించాడు గానీ, దాన్ని ఖాయం చేసే బటను నొక్కడం మరిచాడు.

పరిగెత్తి పిన్నిని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. స్పీకర్లలోంచి శంకరరావు పలికాడు.

"అసిరీ, ఎలాగున్నావే? ఇది బద్రంగా దాసుకో. ఆ ఎర్ర మీట జోలికి మాత్రం ఎల్లకు, నా మాటలన్నీ పోతాయి. తెలిసిందా?"

"తెలిసింది," అని అసిరమ్మ తెరకేసి తలూపింది. తర్వాత గిరిబాబు వైపు తిరిగింది. "ఆయన వొద్దన్నారని నానెప్పుడూ అది ముట్టలేదు బాబూ. మరి సదువుకున్నోడివి, నువ్వు సెప్పేవని నిజవే అనుకున్నాను."

గిరిబాబు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నువ్వు ముట్టలేదు పిన్నీ. టేపు పాడుచేసింది నేను. పరువు పోతుందని నీ మీదకు తోసేశాను."

అసిరమ్మ అతని ముఖం చూడలేదు.

"ఉండు బాబూ," అంది. "ఆయన మాటాడతన్నారు."