వాకిలికి అడ్డంగా స్టూలు

జమ్మలమడుగు ఆడపిల్లల బడిలో ఆ క్లాసుకు సర్కారు పెట్టిన పేరు బారెడు పొడుగుంటుంది, ఎవరికీ నోరు తిరగదు. పిల్లలు పెట్టుకున్న పేరు గంతల క్లాసు. కళ్లకు గంతలు కట్టుకుని బొమ్మలు గీస్తారు కాబట్టి గంతల క్లాసు. అంతకంటే మంచి పేరు ఏ ఆఫీసరుకు తోస్తుంది?

మూడు ఊళ్ల బళ్లకు కలిపి మిగిలింది ఒక్క డ్రాయింగు టీచరు, ప్రొద్దుటూరులో ప్రమీలమ్మ. ఆమె అక్కడ పెట్టె లాంటి కళ్లజోడు తలకు తగిలించుకుంటుంది. జమ్మలమడుగులో, పులివెందులలో పిల్లలూ తగిలించుకుంటారు. అంతే, మూడు ఊళ్లవాళ్లూ ఒకే గదిలో ఎదురెదురుగా నిలబడి ఉంటారు. నిజానికి ఆ గది ఎక్కడా లేదు. అయినా అందులో చెయ్యి ఆడిస్తే గాలికి రంగు అంటుకుంటుంది. ప్రొద్దుటూరు పిల్ల గుర్రం తల గీస్తే పులివెందుల పిల్ల వెనక్కి పోయి తోక గీసి వస్తుంది.

ఈ సంబరమంతా నడిచేది విమల చేతి మీద. విమల ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకుంది. నెట్టు పడిపోతే లేపడం, వైర్లు ఎలుకలు కొరక్కుండా చూడటం, చెమటకు తడిసిన కళ్లజోళ్లు తుడిచి పెట్టడం, పిల్లలు గోడలకు గుద్దుకోకుండా ఎక్కడ నిలబడాలో నేల మీద సున్నంతో గీత గీయడం, ఇదీ ఆమె కాంట్రాక్టు ఉద్యోగం. వారమంతా మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో తిరుగుతుంది. "ఇంజనీరింగు చదివిస్తే ముగ్గులు వేసుకుంటాండావు గదమ్మే" అని వాళ్ల నాయన జయరాజు ఆటపట్టిస్తుంటాడు. ఆయన మిషన్ బడిలో పంతులుగా పనిచేసి రిటైరయిన మనిషి. కూతురు పని మీద ఆయనకు లోలోపల గర్వమే, బయట పడనివ్వడు.

ఆ బడిలో బొమ్మలంటే చిన్నసుబ్బమ్మ. ఊరి బయట గొర్రెలు మేపుకునే ఇంటి పిల్ల, తొమ్మిదో తరగతి. బొగ్గు ముక్కతో బండ మీద గొర్రెను గీస్తే అది తల తిప్పి చూస్తున్నట్టే ఉంటుంది. అలాంటి పిల్ల గంతల క్లాసులో మాత్రం గోడకు ఆనుకుని నిలబడి, కళ్లజోడు ముట్టుకోనని మొండికేసింది.

"ఏంటికమ్మే? తల తిరుగుతాందా?" అని అడిగింది విమల.

"లేదు మేడం."

"మరేంది?"

"పెట్టుకుంటే వాకిలి కనపడదు."

విమలకు అర్థం కాలేదు. పక్కనున్న మైమూన్ ఆమెను చెయ్యి పట్టి వరండాలోకి తీసుకుపోయి చెప్పింది. సుబ్బమ్మ నాయన కాటమయ్య గొర్రెల కాపరే. ఎలక్షన్లప్పుడు లీడరు మద్దిలేటన్న పిలిస్తే జీపు వెనక పోయేవాడు. ఒకరోజు మంగలి షాపులో ముఖమంతా నురగతో, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అవతలి వర్గం వాళ్లు వెనక వాకిట్లోంచి వచ్చారు. నాయనతో పాటు పోయిన సుబ్బమ్మ అప్పుడు షాపులో బల్ల మీద కూర్చుని ఉంది.

"అప్పట్నుంచి వాళ్లింట్లో వాకిలి తెరిచి పెట్టి ఎవురూ కండ్లు మూసుకోరు మేడం. దేవునికి మొక్కేటప్పుడు గూడా" అంది మైమూన్.

ఫ్యాక్షన్ సచ్చిపోయిందని పేపర్లు రాసి ఎన్నో ఏళ్లయింది. ఏమో మరి, ఆ పిల్ల కళ్లకు ఆ మాట ఎవరూ చెప్పినట్టు లేదు.

విమల తలుపు మూసి గొళ్లెం పెట్టింది. సుబ్బమ్మ గొళ్లెం వైపు జాలిగా చూసింది. "తంతే ఊడొస్తాది మేడం."

విమలకు నేర్పిన పాఠాల్లో ఇది లేదు. బొమ్మ ఆగిపోతే ఏం చెయ్యాలో ఉంది, కడుపులో తిప్పితే ఏం చెయ్యాలో ఉంది. వాకిలి కనపడకపోతే ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు. కాసేపు ఆలోచించి, ఆఫీసు రూములోంచి ఒక స్టూలు ఎత్తుకొచ్చింది. వాకిలికి అడ్డంగా వేసుకుని బయటికి ముఖం పెట్టి కూర్చుంది.

"నువ్వు గంతలు తీసేదాంక నేను ఈడ్నుంచి లేయను. నన్ను దాటి ఎవురూ రారు."

"ఎవురొచ్చినా?"

"ఎవురొచ్చినా."

సుబ్బమ్మ చాలాసేపు విమల వీపు వైపు చూసింది. తరువాత కళ్లజోడు తగిలించుకుంది.

ఆ రోజు నుంచి తన ఉద్యోగంలో అసలు పని ఇదేనని విమలకు తెలిసింది. నెట్టు పడిపోతే మళ్లీ వస్తుంది. ఈ పిల్ల నమ్మకం పడిపోతే మళ్లీ రాదు.

సుబ్బమ్మ ఆ లేని గదిలో మంగలి షాపు గీయడం మొదలుపెట్టింది. అద్దం, కుర్చీ, కుర్చీలో నాయన, ఆయన ముఖాన నురగ. చుట్టూ రాయి మీద రాయి పెట్టి గోడ కట్టింది. ప్రమీలమ్మ ఆ గోడ చుట్టూ తిరిగి తిరిగి, "వాకిలి యాడమ్మా?" అని అడిగింది.

"పెట్టలే టీచర్."

ప్రమీలమ్మ మంచి టీచరు. ఇంకో ప్రశ్న అడగలేదు.

ఇలా బాగా సాగిపోతున్నప్పుడే ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లు వస్తే మద్దిలేటికి చచ్చిపోయినవాళ్లు గుర్తొస్తారు. కాటమయ్య శవం మీద ఆ రోజు జెండా కప్పింది ఆయనే. తరువాత ఆ జెండా మారింది, దాని తరువాతి జెండా కూడా మారింది. కాటమయ్యను చంపించాడని కేసు పడి, సాక్షులు లేక బయటపడ్డ ఓబులేసుతో రాజీ కూడా అయిపోయింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే పార్టీ, ఒకే జీపు. సిగ్గనేది ఒకటుంటుందని ఆ జీపులో ఎవరికీ తెలియదు.

ఆ రోజు జీపు బడి ముందు ఆగింది. హెడ్‌మిస్ట్రెస్ ఖమ్రున్నీసా కొంగు సర్దుకుంటూ ఎదురు పోయింది. మద్దిలేటి చేతిలో కొత్త కండువా, వెనక కెమెరా పట్టుకున్న మనిషి, ఆ వెనక ఓబులేసు. నేరుగా గంతల క్లాసు వాకిలి దగ్గరికి వచ్చారు. లోపల సుబ్బమ్మ కళ్లజోడు పెట్టుకుని గాలిలో రాళ్లు పేరుస్తోంది.

విమల స్టూలు మీద నుంచి లేవలేదు.

"ఏమ్మా, జరుగు. కాటమయ్య బిడ్డకు కండువా కప్పి ఒక ఫోటో తీసుకోని పోతాం" అన్నాడు మద్దిలేటి.

"క్లాసు జరుగుతాంది సార్. గంట కొట్టినాక రాండి."

"నేనెవరో తెల్చా నీకు?"

"తెలుసు సార్. బస్టాండు కాడ్నుంచి ఈడిదాంక మీ ఫ్లెక్సీలే గదా."

కెమెరా మనిషి నవ్వబోయి దగ్గాడు. ఖమ్రున్నీసా వంగి విమల చెవిలో, "లేయమ్మా, నీకు దండం పెడతా. రెండు నిమిషాల పని" అంది. పాపం, ఆమె భయం ఆమెది. విమలకు మాత్రం భయం లేదా? ఉంది, స్టూలు అంచు రెండు చేతులా పట్టుకుంది. కానీ ఆ భయం కంటే పైన కోపం కుతకుత ఉడుకుతోంది. ఇప్పుడు లేస్తే ఆ పిల్ల కళ్లజోడు తీయగానే ఎదురుగా ఓబులేసు నిలబడి ఉంటాడు. ఇక జన్మలో ఆ పిల్ల కళ్లు మూసుకోదు.

"ఈ కాంట్రాక్టు ఉద్యోగాలు ఎవరిస్తాండారో తెల్చా?" మద్దిలేటి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే ఊళ్లకు ఊళ్లు ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకున్న రోజులున్నాయి.

"ఇచ్చినోళ్లనే తీసుకోమనండి సార్. గంట కొట్టేదాంక ఈ స్టూలు నాది."

ఓబులేసుకు ఓపిక తక్కువ. కిటికీ దగ్గరికి పోయి ఊచలు పట్టుకుని, "ఏం పాపా, బాగుండావా?" అని కేకేశాడు.

సుబ్బమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆ గొంతు ఆమె ఇంతకుముందు విన్నదో లేదో విమలకు తెలియదు. పిల్ల భుజాలు మాత్రం బిగుసుకున్నాయి. రెండు చేతులూ కళ్లజోడు దాకా పోయి అక్కడే నిలబడ్డాయి.

"ఎవురు మేడం?"

మద్దిలేటి, ఓబులేసు, ఖమ్రున్నీసా, అందరూ విమల నోటి వైపే చూస్తున్నారు. ఆమె తల తిప్పలేదు. మద్దిలేటి కళ్లలోకి చూస్తూనే గట్టిగా చెప్పింది.

"ఎవురూ కాదు. నువ్వు గీయి."

సుబ్బమ్మ చేతులు దిగాయి. ఒక్క క్షణం ఆగి మళ్లీ గాలిలోకి లేచాయి. ఫోటో లేకుండానే జీపు తిరిగిపోయింది.

మద్దిలేటికి తెలియని సంగతి ఒకటుంది. ఆ కళ్లజోళ్లకు చెవులు కూడా ఉంటాయి. ఆయన బెదిరింపులో ముక్కలు, ఓబులేసు కేక, విమల జవాబు, అన్నీ ప్రొద్దుటూరులో ప్రమీలమ్మ వింది, పులివెందులలో పిల్లలంతా విన్నారు. సాయంత్రానికి మూడు ఊళ్ల టీ అంగళ్లలో ఒకటే మాట. "మద్దిలేటన్న ఎవురూ కాదంటప్పా!" నలభై జీపుల ఊరేగింపుతో సంపాదించుకున్న పరువు ఒక స్టూలు దగ్గర పోయింది.

ఆ రాత్రే ప్రమీలమ్మ ఫోను చేసింది. "విమలా, నువ్వు చూడలేదు గదా. మద్దిలేటి వాళ్లు జీపెక్కి పోయినాక సుబ్బమ్మ గోడలో రాళ్లు తీసి వాకిలి పెట్టింది. వాకిలికి అడ్డంగా ఒక స్టూలు గూడా." అంతే చెప్పి ఫోను పెట్టేసింది. విమల ఫోను చేతిలో పట్టుకుని ఏడ్చింది. భయం, కోపం, సంతోషం అన్నీ కలిసి వచ్చిన ఏడుపు.

మరుసటి వారం రావలసినదే వచ్చింది. నువ్వు రానక్కర్లేదు, జమ్మలమడుగులో సామాను మా మనిషికి అప్పజెప్పు అని కాంట్రాక్టు ఆఫీసు నుంచి కబురు. జయరాజు కూతుర్ని ఒక్క మాట కూడా అనలేదు. "బస్టాండు దాంక నేనొస్తా పద" అని సంచి తీసుకున్నాడు.

బడికి పోయేసరికి కాంట్రాక్టు మనిషి వీరన్న ఖాళీ అట్టపెట్టెలతో ఎదురు చూస్తున్నాడు. ఖమ్రున్నీసా ఆఫీసు రూములో తల వంచుకుని ఏదో రాసుకుంటోంది. వీరన్న రెండుసార్లు పిలిచినా ఆమెకు వినపడలేదు. ఆమెకు చెవుడు ఎప్పుడొచ్చిందో గానీ, సరైన రోజే వచ్చింది.

విమల, వీరన్న గంతల క్లాసు వైపు నడిచారు.

వాకిలికి అడ్డంగా స్టూలు ఉంది. స్టూలు మీద చిన్నసుబ్బమ్మ కూర్చుని ఉంది, వీపు గదికి, ముఖం బయటికి. లోపల మైమూన్, ఇంకొందరు పిల్లలు కళ్లజోళ్లు పెట్టుకుని గాలిలో చేతులాడిస్తున్నారు. నేల మీద సున్నం గీత విమల గీసినదానికంటే చక్కగా ఉంది.

"పాపా, జరుగు. సామాను తీసుకోని పోవల్ల" అన్నాడు వీరన్న.

"క్లాసు జరుగుతాంది. గంట కొట్టినాక రాండి."

"ఈ మేడమే అప్పజెప్పను వచ్చింది. సూడు."

సుబ్బమ్మ విమల వైపు చూసింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. స్టూలు మీద నుంచి మాత్రం కదల్లేదు.

"మేడం అయినా అంతే."

లోపల మాటలు వినపడి మైమూన్ చెయ్యి ఆగింది. కళ్లజోడు తీయకుండానే అడిగింది. "ఎవురే సుబ్బమ్మా?"

సుబ్బమ్మ విమల కళ్లలోకి చూస్తూనే గట్టిగా చెప్పింది.

"ఎవురూ కాదు. నువ్వు గీయి."

విమల నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత వీరన్న చేతిలోని అట్టపెట్టె ఒకటి లాక్కుని, వరండాలో బోర్లించి, దాని మీద కూర్చుంది. సుబ్బమ్మ లాగే, వీపు గదికి, ముఖం బయటికి.