చెర్న్యావ్కా వాగుకు ఒక జంట

సంచి అడుగున రై రొట్టె, దాని మీద ఉప్పు పట్టించిన పందికొవ్వు ముక్క, ఆ పైన నాలుగు ఉల్లిపాయలు, కాళ్ళకు చుట్టుకునే గుడ్డలు రెండు జతలు. ఉస్తీన్య ఒక్కొక్కటే పెట్టి, తీసి, మళ్ళీ పెడుతోంది. పొయ్యి పక్క బల్ల మీద కూర్చుని ఆమె భర్త సవేలి టీ ఊదుకుంటున్నాడు. గడ్డం సగానికి పైగా నెరిసింది. ఎడమ బొటనవేలు సగమే ఉంది. తక్కిన సగం పాతికేళ్ళ కిందట ఒక బీవర్, చెట్లు కొరికి వాగులకు కట్టలు కట్టే జంతువు, పట్టుకుపోయింది.

"రైలెక్కేది బీవర్లే, పెళ్ళికొడుకు నేను కాదు. అంత సర్దకే," అన్నాడు.

ఆమె వినలేదు. ఈసారి అతను బీవర్ల జంటను తీసుకెళ్తున్నది చెర్న్యావ్కాకి. అది ఆమె పుట్టిన ఊరి వాగు. ఆమె చిన్నతనానికే బీవర్లను తోళ్ళ కోసం ఒక్కటి మిగలకుండా చంపేశారు. వాటి కట్టలు తెగిపోయాయి. కట్టలు పోయాక వసంతంలో వచ్చిన నీళ్ళు నెల తిరక్కుండా జారిపోయేవి. ఒడ్డు కోసుకుపోయి వాగు లోతుకు దిగింది, ఊళ్ళో బావులూ దానితోపాటే దిగాయి. నీటికోళ్ళు రావడం మానేశాయి. ఇప్పుడు ఎండాకాలంలో మైలు దూరం నుంచి నీళ్ళు మోసుకుంటున్నామని అక్క మత్ర్యోనా ప్రతి ఉత్తరంలోనూ రాస్తుంది.

బీవర్లు చేరిన చోట ఏమవుతుందో ఉస్తీన్యకు సవేలి నోటివెంటే తెలుసు. జంటల్ని దించి వచ్చిన ప్రతిసారీ అన్నం కంటే ముందు అదే చెప్పేవాడు. రెండు శీతాకాలాలు తిరిగేసరికి కట్ట లేచిందట, గడ్డి బీడు తడిసిందట, బాతులు దిగాయట, ఎక్కడో ఒక ముసలమ్మ బావిలో మళ్ళీ చేద మునిగిందని ఆనందంతో ఏడ్చిందట. ఆ మాటలు వింటూ ఆమె మా వాగుకూ ఒక జంట పంపమని, తామిద్దరూ పనిచేసే బీవర్ల పెంపక కేంద్రం వాళ్ళను పదకొండేళ్ళు అడిగింది. ఈ శరత్కాలం ఒప్పుకున్నారు.

తెల్లవారాక ఇద్దరూ బీవర్ల కొట్టాల దగ్గరికి నడిచారు. ఉస్తీన్య రోజూ చేసే పనే చేసింది. గట్టు మీద మేతకు పేర్చిన ఆస్పెన్ చెట్టు కొమ్మల్ని గొడ్డలితో మూరెడేసి నరికింది, తొట్లలో మంచు పెంకులు పగలగొట్టింది, చల్లటి నీళ్ళలో మోచేతుల దాకా ముంచి నిన్నటి పీచూ పెంటా తీసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ నీళ్ళే. వేళ్ళు ముల్లంగి దుంపల్లా ఉబ్బి, కొసలు తెల్లబడి ఉంటాయి. సూది కుట్టినా ఇప్పుడు వాటికి తెలియదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఎందుకంటే కేంద్రంలో ఆమెకున్న విలువంతా ఆ వేళ్ళదే. బీవర్ మగదో ఆడదో పైకి చూస్తే తెలియదు. రెండూ ఒక్క తీరుగానే ఉంటాయి. తలను గోనెసంచిలో దూర్చి, తోక పైకెత్తి, దాని మొదలు దగ్గర వేలితో లోపలికి తడమాలి. చిన్న ఎముక తగిలితే మగది, తగలకపోతే ఆడది. చదువుకుని వచ్చిన వాళ్ళు కూడా ఆమెనే పిలిచేవాళ్ళు.

పొద్దెక్కాక జంతుశాస్త్రం చదివిన పిల్ల రిమ్మా కాగితం పట్టుకుని వచ్చింది. సవేలి మొదటిదాన్ని అదిమి పట్టుకున్నాడు. ఎముక స్పష్టంగా తగిలింది. మగది. రెండోదాన్ని పట్టుకున్నాడు. ఉస్తీన్య తడిమింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ తడిమింది. ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. తన వేలు తనకే ఎవరిదోలా ఉంది.

"పిన్నీ, ఏమని రాయను?" అంది రిమ్మా. "అనుమానంగా ఉంటే వదిలేద్దాం. వచ్చే ఏడాది చూసుకుందాం."

వచ్చే ఏడాది. ఉస్తీన్య సవేలి వైపు చూసింది. అతను ఆమె మొహమే చూస్తున్నాడు.

"ఆడదే," అంది. "రాసుకో అమ్మా."

రిమ్మా రాసుకుంది. సవేలి రెండు పెట్టెల్లోనూ తడి గడ్డి పరిచాడు. నీళ్ళు చిమ్ముకుంటూ పోవడానికి డబ్బా ఒకటి కట్టుకున్నాడు. మధ్యాహ్నానికి బండి తోలే ఫోమా వచ్చి, పెట్టెల సందుల్లోంచి తొంగిచూసి పళ్ళికిలించాడు.

"ఇందులో పెళ్ళికూతురేది మావా? ఇద్దరికీ మీసాలున్నాయే!"

సవేలి నవ్వాడు. ఉస్తీన్య పెట్టె తాడు మరోసారి బిగించింది.

బయల్దేరే ముందు ఆచారం ప్రకారం ముగ్గురూ గడప దగ్గర బల్ల మీద కాసేపు మాటల్లేకుండా కూర్చున్నారు. ఫోమా కూడా టోపీ తీసి కూర్చున్నాడు. చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కానీ ఆ కూర్చున్న కాసేపు మాట్లాడకూడదు. తర్వాత సవేలి లేచి, ఆమె తలగుడ్డ సరిచేసి, "నీ వాగులో నీళ్ళు చూసొచ్చి చెప్తాలే," అని బండెక్కాడు.

బండి కదిలాక ఆమె బాల్చీ కోసం స్నానాల పాకలోకి వెళ్ళింది. అక్కడ మేకుకి సవేలి తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేలాడుతున్నాయి. రాత్రి ఆమే కడిగి, లోపల ఎండుగడ్డి కూరి, ఆరబెట్టింది. వాగులో దిగడానికి అతనికున్నవి అవే. బయటికి పరుగెత్తింది. బండి ఇంకా వంతెన దాటలేదు. ఒక్క కేక వేస్తే ఆగుతుంది. బూట్ల మాటా చెప్పొచ్చు, వేళ్ళ మాటా చెప్పొచ్చు.

బయల్దేరినవాణ్ణి వెనక్కి పిలవకూడదు. 1942లో కొడుకు మీత్యా యుద్ధానికి వెళ్తుంటే, చేతి తొడుగులు మర్చిపోయాడని గేటు దాకా వెళ్ళినవాణ్ణి వెనక్కి పిలిచింది. నవ్వుతూ వచ్చి తీసుకున్నాడు. ఆ శీతాకాలమే పోయాడు. ఎలా పోయాడో చెప్పిన కాగితాన్ని ఆమె నమ్మలేదు. తను పిలిచినందుకే పోయాడని నమ్మింది.

పిలవలేదు. బండి వంతెన దాటి, చెట్ల మలుపు తిరిగింది. ఆమె లోపలికొచ్చి సాయంత్రం మేతకు కొమ్మలు నరికింది. అతను ఊరు చేరేదాకా ఇల్లు ఊడ్వకూడదు గనక ఊడ్వలేదు.

తర్వాతి సంగతులు మత్ర్యోనా ఉత్తరంలో వచ్చాయి. రెండూ మగవే. నీళ్ళలో వదిలిన రాత్రి నుంచే ఒకదాన్నొకటి చీల్చుకున్నాయి. సవేలి తొమ్మిది రోజులు ఒడ్డునే ఉన్నాడు. రక్తం కనిపించినప్పుడల్లా మామూలు తోలు బూట్లతోనే మోకాలి లోతు మడుగులోకి దిగి వాటిని విడదీశాడు. వద్దంటే, మా ఆవిడ వాగు ఇది, అన్నాడట. పదో రోజు జ్వరం వచ్చింది. ఒక బీవర్ పుళ్ళు కుళ్ళి చచ్చింది, రెండోది ఎటో వెళ్ళిపోయింది. ఆ వాగుకు మరో జంటను పంపలేదు.

సవేలి తిరిగి రాలేదు. జిల్లా ఆసుపత్రిలో, 1951 నవంబరు రెండున పోయాడు. స్నానాల పాకలో మేకుకి బూట్లు అలాగే ఉన్నాయి, ఆమె కూరిన గడ్డితో కాళ్ళున్నట్టే ఉబ్బి, మోకాళ్ళ దగ్గర కొద్దిగా వంగి.