దీపాలవేళ బంద్

మా అత్తగారింట్లో దీపాలవేళ ఏ స్విచ్చూ బంద్ చేయకూడదు. చేస్తే లక్ష్మి గడపలోంచే వెనక్కి పోతుందట. ఇది మా అత్తమ్మ మొగిలమ్మ పెట్టిన రూలు కాదు, ఆమె అత్త పెట్టింది. ఆవిడ కాలంలో ఆ ఇంటికి కరెంటే లేదు. లేని స్విచ్చుకు రూలెట్ల పెట్టిందని అడిగితే నాకు నోరెక్కువన్నారు. ఎక్కువే, కాదన్నానా!

వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. నాలుగు మగ్గాలకు మా మామ వెంకట్రాజం పెద్ద. ఒక మగ్గం మీద నా భర్త సారంగపాణి నేసేవాడు. నేను బీఎస్సీ లెక్కలు చదివొచ్చి ఆ మగ్గాలకు నూలు కండెలు చుట్టాను. ఒకరోజూ రెండ్రోజులూ కాదు, మూడేళ్లు. ఎనభై ఏడులో, కాజీపేట రైల్వేలో పనిచేసే మా అన్న, బొంబాయిలో ఎవరో వాడి వదిలేసిన చిన్న కంప్యూటరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బొమ్మ కనపడాలంటే టీవీకి తగిలించాలి, ఆ బొమ్మ దాచుకోవాలంటే టేపురికార్డరుకు తగిలించాలి. దానికి సొంతంగా స్విచ్చు కూడా లేదు, గోడమీది స్విచ్చే దిక్కు.

దాంతో నేను జంపఖానా అంచులు గీయడం మొదలుపెట్టాను. ప్రతి చుక్కకూ అది లెక్క కట్టుకోవాలి కాబట్టి ఒక్క బొమ్మకు మూడు గంటలు పట్టేది. ఇంటిపని తెమిలి మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెడితే అయిదున్నరకు బొమ్మ అయ్యేది. తర్వాత పది నిమిషాల్లో దానంతటదే టేపు మీదికి ఎక్కేది. కానీ అయిదింటికల్లా నేను బిందెలతో నల్లాకాడ వరసలో ఉండాలి. ఆరింటికి కరెంటు కోత. ఆ పోయే కరెంటు మర్యాదగా పోయేది కాదు. పోయి, ఒక్క తన్ను తన్నుతూ వచ్చి, మళ్లీ పోయేది. ఆ తన్ను తగిలిన నాడు మిషన్ కాలిపోతుంది.

అందుకే మొదటి నెలలో అత్తమ్మను బతిమాలాను. "ఆరు కాకముందు ఆ ఒక్క స్విచ్చు బంద్ చెయ్యి అత్తమ్మా, నేను నల్లకాడుంట."

"దీపాలయాళ్ల ఇంట్ల బంద్ చేస్తరా? నా చేతులతోనా? నాతోటి కాదు."

ఆమె చేయలేదు. నేను బిందెతో ఇంట్లోకి వచ్చేసరికి కాలిన వాసన. కాలింది మిషన్‌కు కరెంటిచ్చే అడాప్టరు ఒక్కటే కాబట్టి బతికిపోయాను. మా అన్న ఇంకొకటి వెతికి తెచ్చాడు. మామ వాకిట్లో నిలబడి తీర్పు చెప్పాడు.

"ఇంకొక్కసారి కాలిందంటే ఈ డబ్బ కాజీపేటకు పోతది, నువ్వు మల్ల కండెలకాడ కూసుంటవు. కాలకుంట ఒక్క బొమ్మ తియ్యి, రెండో మగ్గం నీ బొమ్మకే ఇస్త."

నా బొమ్మకు మగ్గం! ఆ మాట విన్నాక ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదనుకున్నాను. అత్తమ్మ మీదికి మాత్రం గొడవకు పోయాను.

"రోజూ ఆరింటికి ఊరందరి దీపాలు బంద్ చేసెటోడు కరెంటాఫీసుల ఉన్నడు గద. వానింట్ల లక్ష్మి ఉంటలేదా?"

"వాని సంగతి నాకెందుకు? నా ఇంట్ల నేను చెయ్య."

సరే, మనిషి చేయి తగలకూడదు, అంతే కదా! ఇంట్లో కీ ఇచ్చే అలారం గడియారం ఒకటుంది. అలారం మోగుతున్నంతసేపూ దాని వెనక చెవి గిర్రున తిరుగుతుంది. ఆ చెవికి నూలుదారం కట్టి, రెండో కొస స్విచ్చుకు కట్టాను. మిషన్ పక్కకు తీసి, ముందు టీవీ ఒక్కదానితోనే పరీక్షించాను. మొదటిరోజు స్విచ్చు కదల్లేదు, గడియారమే స్విచ్చు దిక్కు జరిగింది. దాని మీద తూకం రాయి పెట్టాను. రెండోరోజు దారం కిందికి లాగింది. మన స్విచ్చు కిందికి ఉంటే ఆన్, పైకి ఉంటే బంద్. బీఎస్సీ చదివి అంత తెలివి చూపించాను. గోడకు పైన మేకు కొట్టి, దారం దాని మీదుగా తెస్తే మూడోరోజు సరిగ్గా అయిదూ యాభైకి స్విచ్చు టక్కున పైకి లేచింది.

కరెంటు వచ్చి కుదురుకున్నాక, ఎనిమిదింబావుకు, పక్కింట్లో అడిగి తెచ్చిన రెండో గడియారం స్విచ్చును కిందికి లాగేది. నేను మగవాళ్లకు అన్నం వడ్డిస్తుంటే లోపల టీవీ తెర వెలిగేది. ఎవరూ ముట్టకుండానే వెలుగుతున్న ఆ తెరను మామ ముద్ద చేతిలో పట్టుకుని అనుమానంగా చూసేవాడు. నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అత్తమ్మ మాత్రం రోజూ నేను గడియారం ముల్లు తిప్పి పెట్టేటప్పుడు వచ్చి పక్కన కూర్చునేది. ముల్లు ఎటు తిప్పుతున్నానో చూసేది.

వారం ఇట్లా చూసుకున్నాక మిషన్ తగిలించి బొమ్మ మొదలుపెట్టాను. ఆరోజు నల్లాకాడ నా ముందు ఇద్దరే ఉన్నారు. ఎదురుగా పిండిగిర్ని చప్పుడు ఠక్కున ఆగింది. అప్పటికింకా అయిదున్నరే. కోత అరగంట ముందొచ్చింది! నా గడియారం అయిదూ యాభైదాకా మోగదు, ఈలోపు కరెంటు తన్నుకుంటూ వస్తుంది. బిందెలు అక్కడే పారేసి పరుగెత్తాను. చెప్పు తెగింది, దాన్నీ వదిలేశాను. కాలితే కాలనీ, కండెలు మాత్రం చచ్చినా చుట్టనని ఏడుస్తూ, తిట్టుకుంటూ ఉరికాను.

గడపలో ఉండగానే గిర్ని మళ్లీ మోగింది. వాకిట్లో బల్బు భగ్గుమని వెలిగి, ఆరిపోయింది. లోపల కాలిన వాసన కోసం గాలి పీల్చాను. వాసన లేదు.

అత్తమ్మ గడియారం ముందు కూర్చుని ఉంది. ఒడిలో వత్తులు, అగ్గిపెట్టె. స్విచ్చు పైకి ఉంది. గడియారం అయిదూ యాభై చూపిస్తోంది.

నా వెనకే మామ వచ్చి అత్తమ్మను అడిగాడు. "గంట మోగిందేంది? దీపాలయాళ్ల బంద్ చేసినవా నువ్వు?"

"నా చెయ్యి స్విచ్చుకు తాకలే. ముల్లు జరంత ముందుకు తిప్పిన. బంద్ చేసింది గడియారం."

"నీకేం పుట్టిందే? గా డబ్బ కాలితే కాలె!"

అత్తమ్మ లేచింది. ఆమె మామ ముందు గొంతెత్తగా నేను అంతవరకు వినలేదు.

"నలబై ఏండ్లు కండెలు సుట్టిన. ఒక్క అంచన్న నేను చెప్పిన తీరు నేసినవా? అడిగితే నవ్వినవు. ఇది అడుగుత లేదు, గీసి సూపెడతాంది. రేపటి సంది అయిదింటికి కోడలు నల్లకు పోదు."

"మరెవలు పోతరు?"

"మగ్గాలకాడ ఇంతమంది మగోళ్లున్నరు. కాళ్లు లేవా?"

మరునాడు అయిదింటికి నా భర్త రెండు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ఆడవాళ్లు నవ్విన నవ్వు మా ఇంటిదాకా వినిపించింది. పాపం ఆయన చెవులు ఎర్రబడే ఉంటాయి. నేను మాత్రం మిషన్ ముందునుంచి లేవలేదు. బొమ్మ పూర్తయింది, టేపు మీదికి ఎక్కింది. అయిదూ యాభై అయింది. గడియారానికి ఆరోజు నేను దారం కట్టలేదు. అత్తమ్మ దీపం పట్టుకుని గడపలో నిలబడి చూస్తుండగానే చెయ్యి చాపి స్విచ్చు బంద్ చేశాను. ఆమె దీపం గూట్లో పెట్టి, టేపు నా చేతిలోంచి తీసుకుని, తనే మామ దగ్గరికి పట్టుకుపోయింది.