ఎల్డన్ తూచిన తూటా గుల్లలు

విడిచిన బాణం వ్యర్థం కానీయని కోదండపాణికి చేతులు మోడ్చి, మొంటానా కొండల నీడన జరిగిన ఈ ముచ్చట విన్నవిస్తున్నాను.

సన్ నది దగ్గర ఆగస్టా అనే ఊళ్లో ఎల్డన్ స్టోకన్ అనే వేటగాడు ఉన్నాడు. అక్కడ కొండగొర్రెను వేటాడాలంటే ప్రభుత్వం చీటీలు తీసి అనుమతి ఇస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు విడవకుండా దరఖాస్తు పెట్టగా, అరవై నాలుగో ఏట ఆయన పేరు వచ్చింది. ఈ జన్మకు ఇక ఇదొక్కటే. అంగడి తూటా ముట్టని నిష్ఠాపరుడు కావడంతో, ఖాళీ ఇత్తడి గుల్లల్లో మందు కొలిచి పోసి, గుండు బిగించి తూటాలు తానే కట్టుకుంటాడు. ఏ గుల్లల్లో కట్టాలన్నదే ఇప్పుడు ఆయనకు ప్రాణసంకటమైంది.

బల్ల మీద రెండు రాసులున్నాయి. ఒకటి ఫిన్లాండు నుంచి తెప్పించిన సరికొత్త గుల్లలు. రెండోది కీర్తిశేషుడైన అన్న నార్వల్ ఒక్కసారి కాల్చి దాచుకున్న నలభై. అన్న రైఫిలు ఎల్డన్‌కే వచ్చింది. గుల్లలను వదిన వెర్నా కాఫీ డబ్బాలో పోసి తెచ్చింది.

ఎల్డన్ చిన్న త్రాసు మీద ఒక్కొక్కటే తూచి పెదవి విరిచాడు.

"చూడు వదినా! ఫిన్లాండువి ఒక్క తల్లి బిడ్డల్లా తూగుతున్నాయి. అన్నయ్యవేమో ఒకటి తేలిక, ఒకటి బరువు. సంతలో ఏరుకొచ్చినట్టున్నాయి."

"సంతా? నలభయ్యీ ఒకే పెట్టెలోవి! మీ అన్న నన్నెలా చూసుకున్నాడో గానీ, వీటిని మాత్రం కళ్లలో పెట్టుకుని చూశాడు."

"ప్రేమ వేరు, తూకం వేరు. త్రాసుకు మొహమాటం ఉండదు."

వెర్నా అన్నిటికంటె బరువైన గుల్లను తీసి, లోపలికి తొంగి చూసి, బోర్లించి బల్లకేసి తట్టింది. పసుపుపచ్చని రవ్వ జలజలా రాలింది!

ముందురోజు ఆ పాత గుల్లలను మెరుగు పెట్టడానికి ఎల్డన్ మొక్కజొన్న కండె రవ్వలో వేసి యంత్రంలో తిప్పాడు. దులపడం మరచి త్రాసెక్కించాడు. కొత్తవాటికి ఆ స్నానమే లేదు.

"త్రాసుకు మొహమాటం లేదు సరే, నీ కళ్లజోడుకు పనీ లేదా? పొద్దుట్నుంచీ నువ్వు తూచింది ఇత్తడి కాదు మరిదీ, కోళ్ల దాణా!"

ఎల్డన్ చెవులదాకా ఎర్రబడ్డాడు. దులిపి మళ్లీ తూస్తే తేడా వెంట్రుకవాసి. ఇక తేల్చవలసింది రైఫిలే అనుకుని, రెండు రకాలతోనూ అయిదేసి కట్టి మైదానానికి తీసుకుపోయాడు. ఫిన్లాండు తూటాల చిల్లులు గురి అట్ట మీద గిన్నె అడుగంత మేర పరుచుకున్నాయి. అన్న గుల్లలవి ఒక్క నాణెం కింద దాగాయి. అవి ఆ రైఫిలు గర్భంలోనే ఒకమారు పేలి, దాని ఆకృతికి ఒదిగిన ఇత్తడి మరి!

"నీ చుట్టాలు పాపం ఇప్పుడే దిగారు," అంది వెర్నా. "ఇల్లెరిగినవాళ్లతో పోటీ ఏమిటి?"

శనివారం ఉదయం ఇద్దరూ కొండెక్కారు. పొట్టేలు బండ మీదికి వచ్చి నిలిచింది. ఒక్కటే మోత, అది ఉన్నచోటనే ఒరిగింది. ఎల్డన్ రైఫిలు గొళ్లెం లాగగానే గుల్ల ఎగిరి రాళ్లలో పడింది. ఆయన వెంటనే మోకాళ్ల మీద కూలబడి వెదకసాగాడు.

"ఏమయ్యా! ముప్పై ఒక్క ఏళ్లు ఎదురుచూసిన గొర్రె అక్కడుంటే..."

"గొర్రె ఎక్కడికీ పోదు వదినా. అన్నయ్య గుల్ల దొరకనీ."

వెర్నా పకపకా నవ్వి, తానూ పక్కన కూర్చుని రాళ్లు తొలగించింది.

ఈ కథ విన్నవారందరి గురి నిలుచుగాక! తప్పు చూపే ఆత్మీయులు వారికి ఎప్పుడూ చేరువలో ఉందురుగాక! శుభమస్తు.